పది పెసోల షేరు, రెండు లక్షల పెసోల షేరు

మనీలాలో నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ దగ్గర ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. ఇంటి పన్ను రసీదులు, పిల్లల బాప్తిస్మం కాగితాలు, భర్త పెన్షన్ పుస్తకం అన్నీ అందులోనే. నాది కంపెనీల కాగితాలు రాసే ఉద్యోగమని ఆవిడకి తెలుసు. 2011 చివర్లో ఒక ఆదివారం సాయంత్రం ఆ డబ్బా, దానితోపాటు కొత్తగా వచ్చిన ఒక ఉత్తరం తెచ్చి నా ముందు పెట్టింది. "అనాక్, ఇదేంటో చూసి చెప్పు" అంది. అనాక్ అంటే అక్కడ బిడ్డా అని. ఆవిడని మేమంతా టీటా అనేవాళ్లం, మన దగ్గర ఆంటీ అన్నట్టు.

డబ్బా అడుగు నుంచి ఒక షేర్ సర్టిఫికెట్ బయటికొచ్చింది. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించారు, ఆ టేపు కూడా గోధుమరంగుకి తిరిగింది. పీఎల్‌డీటీ, అంటే ఫిలిప్పీన్ లాంగ్ డిస్టెన్స్ టెలిఫోన్ కంపెనీ. పది శాతం క్యుములేటివ్ కన్వర్టిబుల్ ప్రిఫర్డ్ షేర్లు, అంటే సాధారణ షేర్లకన్నా ముందు డివిడెండు అందుకునేవి. ఒక్కోదాని ముఖవిలువ 10 పెసోలు. "ఎప్పుడు కొన్నారు టీటా?" అని అడిగాను. "కొనలేదు. ఫోన్ పెట్టించుకున్నప్పుడు ఇచ్చారు" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. ఫోన్ పెట్టించుకుంటే షేర్లు ఇవ్వడమేంటి? తర్వాత చదివితే తెలిసింది. 1973లో, మార్షల్ లా వచ్చిన మరుసటి ఏడాది, అధ్యక్షుడు మార్కోస్ 217వ నంబరు డిక్రీ తెచ్చాడు. ఫోన్ కనెక్షన్ కావాలన్నవాళ్లు ఫోన్ కంపెనీలో కొంత పెట్టుబడి పెట్టాలి. దానికి బదులుగా కంపెనీ ప్రిఫర్డ్ షేర్లు ఇస్తుంది. స్తంభాలు వెయ్యడానికి, ఎక్స్ఛేంజీలు కట్టడానికి కావలసిన డబ్బు అలా ఫోన్ అడిగిన జనం దగ్గరే వసూలైంది. మన దగ్గర ఓవైటీ అని ఉండేది గుర్తుందా? ఓన్ యువర్ టెలిఫోన్. నాన్న ఆ పథకం కింద డబ్బు కట్టి, చుట్టాలందరికీ కార్డు రాశారు. మనది డిపాజిట్, వాళ్లది షేరు. కాగితం మీద చూస్తే వాళ్లదే మెరుగు. ఏడాదికి షేరుకి ఒక పెసో డివిడెండు ఖాయం, కావాలంటే సాధారణ షేరుగా మార్చుకునే వీలు కూడా ఉంది. కానీ మార్చుకోవచ్చన్న సంగతి ఎంతమంది పట్టించుకుంటారు? టీటా ఆ కాగితాన్ని ఏనాడూ వెనక్కి తిప్పి చూడలేదు.

నేను తిప్పి చూశాను. వెనక సన్న అక్షరాల్లో షరతులున్నాయి. డైరెక్టర్లను ఎన్నుకునే ఓటు ఈ షేర్లకు లేదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క షరతే. ఫోన్ కంపెనీ ఎవరిది అన్న ప్రశ్నకి ఫిలిప్పీన్స్‌లో నలభై ఏళ్లకు పైగా రెండు జవాబులుండేవి. ఒకటి లెక్క కోసం చెప్పేది, రెండోది పెత్తనం చేసేవాళ్లకు తెలిసింది. ఈ రెంటి మధ్య అడ్డుగోడగా నిలబడ్డ కంపెనీ పేరు ఫిలిప్పీన్ టెలికమ్యూనికేషన్స్ ఇన్వెస్ట్‌మెంట్ కార్పొరేషన్. పొట్టిగా పీటీఐసీ. ఆ కంపెనీకి ఒక స్తంభం లేదు, ఒక తీగ లేదు, ఒక్క కస్టమర్ లేడు. ఉన్నదల్లా ఇంకో కంపెనీ షేర్లు.

మొదట్నుంచీ చెప్తాను. అమెరికా పాలనలో ఉండగా, 1928 నవంబరు 28న ఫిలిప్పీన్స్ శాసనసభ 3436వ చట్టం చేసి పీఎల్‌డీటీకి టెలిఫోన్ నడుపుకునే హక్కు ఇచ్చింది. తర్వాతి కాలంలో అమెరికాకి చెందిన జీటీఈ దానిలో పెద్ద వాటాదారు. 1935 రాజ్యాంగం ప్రకారం ప్రజలకు సేవలందించే ఇలాంటి సంస్థల్లో 60 శాతం ఫిలిప్పీన్స్ పౌరులదే అయి ఉండాలి. యుద్ధం అయిపోయాక, 1947లో, అమెరికన్లకు కూడా సమాన హక్కులిస్తూ రాజ్యాంగాన్ని సవరించారు. దేశం శిథిలమై చేతులు చాచిన సమయంలో రాయించుకున్న సవరణ అది. దాని గడువు 1974 జులై. ఆ గడువు దగ్గరపడుతుంటే జీటీఈ 1960ల చివర్లో తన వాటా అమ్మేసింది. పీఎల్‌డీటీ సాధారణ షేర్లలో 26 శాతం. కొన్నది రామన్ కొహువాంగ్కో నాయకత్వంలోని బృందం. వాళ్లు కొన్నది తమ పేర్ల మీద కాదు, పీటీఐసీ అనే పెట్టెలో పెట్టి.

పెట్టె ఎందుకో మా వృత్తిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తాను. మిగిలిన షేర్లన్నీ వేలమంది చేతుల్లో చెల్లాచెదురుగా ఉన్నప్పుడు 26 శాతం గంపగుత్తగా ఒకరి చేతిలో ఉంటే బోర్డు వాళ్లదే. ఆ 26 శాతం ఒక పెట్టెలో ఉంటే, పెట్టెలో సగం ఉన్నవాడిదే బోర్డు. అంటే అసలు కంపెనీలో 13 శాతం పాటి సొమ్ము పెట్టి మొత్తం కంపెనీని నడపొచ్చు. దాని మీద ఇంకో పెట్టె పెడితే ఇంకా తక్కువతో సరిపోతుంది. హోల్డింగ్ కంపెనీలన్నీ మోసమని నేననడం లేదు. నేనే పదుల సంఖ్యలో రిజిస్టర్ చేయించాను. ఆస్తి పంపకాలకీ, అప్పు తెచ్చుకోవడానికీ అవి నిజంగా పనికొస్తాయి. కానీ ఊరందరి ఫోనూ ఆ పెట్టెలో ఉన్నప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊరికి తెలియాలి.

తెలియకుండా ఏం జరిగిందో చూడండి. 1977లో ప్రైమ్ హోల్డింగ్స్ అనే కంపెనీ పుట్టింది. పెట్టినవాళ్లలో మార్కోస్‌కి దగ్గరివాళ్లు రోలాండ్ గాపుద్, హోసే కాంపోస్ జూనియర్ ఉన్నారు. తర్వాత రామన్ కొహువాంగ్కో, లూయిస్ టిర్సో రివిల్యా మూడు బదిలీ పత్రాలు రాసి, తమ పీటీఐసీ షేర్లలో 1,11,415 షేర్లు ఆ కంపెనీకి ఇచ్చారు. పీటీఐసీలో అది 46.125 శాతం. దేశంలో అతి పెద్ద ఫోన్ కంపెనీని చేతిలో పెట్టుకున్నవాళ్లు, తమ పెట్టెలో దాదాపు సగం, ముక్కూ మొహం లేని ఒక కొత్త కంపెనీకి రాసిచ్చారు. ఎవరైనా ఊరికే రాసిస్తారా? అది మార్షల్ లా కాలం. ఫోన్ కంపెనీకి హక్కు ఇచ్చేదీ ప్రభుత్వమే, రేట్లు నిర్ణయించేదీ ప్రభుత్వమే, ఫోన్ అడిగినవాళ్ల చేత షేర్లు కొనిపించిందీ ప్రభుత్వమే.

మన భాషలో దీనికి చక్కని మాట ఉంది. బినామీ. పారసీకం నుంచి వచ్చి మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో, పంచాయితీల్లో, పేపర్లలో స్థిరపడిపోయింది. తాత పొలం ఎవరో పాలేరు పేరు మీద ఉందంటే ఏ ఊరివాడికైనా వివరం అడక్కుండానే అర్థమవుతుంది. ఫిలిప్పీన్స్‌లో దీన్ని డమ్మీ అంటారు. 1936లోనే యాంటీ డమ్మీ లా అని ఒక చట్టం చేసుకున్నారు, కామన్వెల్త్ చట్టం 108. విదేశీయులు స్థానికుల పేర్ల చాటున వ్యాపారం చెయ్యకుండా అడ్డుకోవడం దాని ఉద్దేశం. చట్టం చేసినవాళ్ల చూపు విదేశీయుడి మీదే ఉంది. సొంత దేశాధ్యక్షుడే చాటున నిలబడతాడని వాళ్లు అనుకుని ఉండరు.

1986 ఫిబ్రవరిలో లక్షలమంది జనం మనీలాలో ఎద్సా రోడ్డు మీదికొచ్చారు, మార్కోస్ దేశం వదిలి వెళ్లాడు. కొత్త అధ్యక్షురాలు కొరజోన్ అకీనో. ఆమె పుట్టింటి పేరు కూడా కొహువాంగ్కోనే, రామన్‌ది అదే వంశం. మార్కోస్ దోచిన ఆస్తులు రాబట్టడానికి ఆమె వేసిన కమిషన్, పీసీజీజీ, ఆ ఏడాదే ప్రైమ్ హోల్డింగ్స్ చేతిలోని పీటీఐసీ షేర్లను స్తంభింపజేసింది. అవి చివరికి ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తేల్చింది మాత్రం 2006 జనవరిలో. ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లూ పెట్టెలో సగం ఎవరిదో తేలకుండానే దేశం ఫోను మోగింది.

ఇక మోగడం అన్న మాట ఎంత వరకు నిజమో కూడా చెప్పాలి. ఫిలిప్పీన్స్ జనంలో 98 శాతం ఫోన్ కోసం, ఉన్న 2 శాతం డయల్ టోన్ కోసం ఎదురుచూస్తారని సింగపూర్ నాయకుడు లీ క్వాన్ యూ అన్నట్టు అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మా ఆఫీసులో వయసున్న సహోద్యోగి ఒకాయన ఈ మాట చెప్పినప్పుడు నవ్వలేదు. 1993లో అధ్యక్షుడు రామోస్ రెండు ఉత్తర్వులిచ్చారు. మొదటిదాని ప్రకారం ఏ కంపెనీ ఫోన్ అయినా ఇంకో కంపెనీ ఫోన్‌కి కలిసి తీరాలి. రెండోదాని ప్రకారం సెల్‌ఫోన్ లైసెన్సున్న ఒక్కో కంపెనీ 4 లక్షలు, అంతర్జాతీయ కాల్స్ నడిపే ఒక్కో కంపెనీ 3 లక్షల మామూలు లైన్లు వెయ్యాలి, పట్నంలో పది వేస్తే పల్లెలో ఒకటి తప్పనిసరి. అప్పుడు గానీ పీఎల్‌డీటీలో కదలిక రాలేదు. జనానికి ఫోన్లు తెచ్చింది పోటీ. ఆ షేర్ల కాగితాలు కావు.

1998 నవంబరులో హాంకాంగ్ నుంచి పనిచేసే ఫస్ట్ పసిఫిక్ పీఎల్‌డీటీలో పెద్ద వాటా కొంది. దాన్ని నడిపేది ఫిలిప్పీన్స్‌వాడే, మాన్యుయల్ పంగిలినాన్. వెనక ఉన్నది ఇండొనేసియా సలీం కుటుంబం, కంపెనీ రిజిస్టరైంది బెర్ముడాలో. 1999లో పీటీఐసీలో మిగిలిన 54 శాతం కూడా ఫస్ట్ పసిఫిక్ చేతికి వచ్చింది. కంపెనీ ఏ దేశానిదో ఈ మూడు వాక్యాల్లో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన ఘట్టానికి వస్తాను. 2006లో ఆ 46 శాతం ప్రజలదని తేలింది కదా. ప్రభుత్వం ఏం చెయ్యాలి? ఉంచుకోవచ్చు. ఫోన్ కోసం డబ్బు కట్టిన వినియోగదారులకే ఓటుతో సహా పంచి అమ్మొచ్చు. ఆ ఏడాది డిసెంబరులో వేలం పెట్టారు. పరాలాక్స్ అనే పెట్టుబడి సంస్థ నెగ్గింది. అయితే పీటీఐసీలో ముందే వాటాదారు కాబట్టి, అదే ధరకు ముందు తానే కొనుక్కునే హక్కు ఫస్ట్ పసిఫిక్‌కి ఉంది. గడువు లోపల ఆ హక్కు వాడుకోలేక దాన్ని పీటీఐసీకే వదిలింది. ఆ తర్వాత తన అనుబంధ సంస్థ మెట్రో పసిఫిక్ ఎసెట్ హోల్డింగ్స్ ద్వారా ఆ షేర్లు కొంది. 2007 ఫిబ్రవరి 28న అమ్మకం పూర్తయింది. ధర 2,521 కోట్ల 75 లక్షల 56 వేల పెసోలు.

లెక్క వేశాను. ఒక్కో పీటీఐసీ షేరుకి 2 లక్షల 26 వేల పెసోల పైన పడింది. టీటా డబ్బాలో ఉన్నది 10 పెసోలది. ఈ పోలిక ఇలాగే వదిలేస్తే అన్యాయం. ఒక్కో పీటీఐసీ షేరు వెనక నూటికి పైగా పీఎల్‌డీటీ సాధారణ షేర్లున్నాయి, మొత్తం కలిపి కోటీ 20 లక్షలు. విడగొడితే ఒక్కోటి 2,100 పెసోల దాకా వస్తుంది. సరే, పది ఎక్కడ, రెండు వేల వంద ఎక్కడ? రెండూ ఒకే కంపెనీవి, రెండిటి మీదా అదే పేరు. తేడా అంతా సాధారణ షేరు వెంట వచ్చే లాభంలో, ఓటులో ఉంది.

ఈ అమ్మకం మీద కోర్టుకెళ్లినాయన పేరు విల్సన్ గాంబోవా, పీఎల్‌డీటీలో ఒక వాటాదారు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. 1987 రాజ్యాంగం కూడా ఇలాంటి సంస్థల మూలధనంలో విదేశీ వాటా 40 శాతం దాటకూడదంటుంది. మూలధనం అంటే ఏంటి? ప్రభుత్వం, కంపెనీ చెప్పిన అర్థం ప్రకారం అన్ని షేర్లూ, ఓటున్నవీ లేనివీ కలిపి. గాంబోవా అడిగింది ఓటున్న షేర్లనే లెక్కపెట్టమని.

2011 జూన్ 28న ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదువుతూ నేను ఆ రాత్రి పడుకోలేదు. జస్టిస్ ఆంటోనియో కార్పియో రాసిన తీర్పు. అందులోని అంకెలు చాలు. ఓటున్న సాధారణ షేర్లలో 64.27 శాతం విదేశీయులవి, 35.73 శాతం ఫిలిప్పీన్స్‌వాళ్లవి. ఓటు లేని ప్రిఫర్డ్ షేర్లలో 99.44 శాతం ఫిలిప్పీన్స్‌వాళ్లవి. అధీకృత మూలధనంలో ఆ ప్రిఫర్డ్ షేర్లే 77.85 శాతం. సాధారణ షేరుకి ఏడాది డివిడెండు 70 పెసోలైతే ప్రిఫర్డ్ షేరుకి 1 పెసో. మార్కెట్లో సాధారణ షేరు ధర 2,328 పెసోలు, ప్రిఫర్డ్ షేరుది 11 పెసోలు అటూ ఇటూ.

అంటే ఏం జరిగిందో చూడండి. టీటా లాంటి లక్షలమంది ఫోన్ కోసం తప్పనిసరై తీసుకున్న షేర్లను లెక్కలో చూపించి, ఈ కంపెనీ మా దేశం వాళ్లదే అన్నారు. వాళ్ల సొమ్ముతో తీగలు లాగారు. వాళ్ల పౌరసత్వంతో రాజ్యాంగం షరతు పూర్తి చేశారు. ఓటు మాత్రం ఇవ్వలేదు. ఇది బినామీకి తలకిందులు. మామూలు బినామీలో చాటునున్నవాడు అసలు యజమాని. ఇక్కడ చాటు కోసం నిలబెట్టినవాళ్లే తాము నిలబడ్డామని తెలియనివాళ్లు. కోర్టు గాంబోవా మాటే ఖాయం చేసింది. మూలధనం అంటే డైరెక్టర్లను ఎన్నుకునే ఓటున్న షేర్లే అంది. తీర్పు మళ్లీ చూడమని వేసిన అర్జీలను 2012 అక్టోబరు 9న కొట్టేసింది. ఆ తీర్మానంలో అర్జీదారు పేరు దగ్గర "విల్సన్ గాంబోవా వారసులు" అని ఉంటుంది. ఆయన అప్పటికి లేరు.

టీటాకి వచ్చిన ఉత్తరం ఈ రెండు తేదీల మధ్యది. సిరీస్ ఏ నుంచి డబుల్ ఎఫ్ దాకా ఉన్న ఆ ప్రిఫర్డ్ షేర్లన్నిటినీ కంపెనీ 2012 జనవరి 19న వెనక్కి తీసుకుంటుంది, ముఖవిలువ, రావలసిన డివిడెండు చెల్లిస్తుంది అని అందులో ఉంది. చట్టప్రకారం అందులో తప్పేమీ లేదు, సర్టిఫికెట్ వెనక ఆ షరతు కూడా రాసే ఉంది. ఉత్తరం సారాంశం చెప్పాను. "అయితే ఇన్నాళ్లూ నేను ఓనర్నా?" అని అడిగింది. ఆవిడకి అది కొత్త సంగతి.

మరి 40 శాతం గీత దాటకుండా ఎలా సర్దుకున్నారు? 2012 అక్టోబరులోనే కంపెనీ 15 కోట్ల కొత్త షేర్లు సృష్టించింది. ఇవీ ప్రిఫర్డ్ షేర్లే, కానీ వీటికి ఓటుంది. వాటిని బీటీఎఫ్ హోల్డింగ్స్‌కి ఇచ్చింది. అది పీఎల్‌డీటీ ఉద్యోగుల ప్రయోజన నిధి ట్రస్టు చేతిలోని కంపెనీ. ఒక్కో షేరు ముఖవిలువ 1 పెసో. ఓట్ల లెక్కలో విదేశీ వాటా ఒక్క దెబ్బతో 40 కిందికి దిగింది. మళ్లీ ఒక పెట్టె. ఒక్కో రకం షేర్లలో విడివిడిగా 60 శాతం ఉండాలని కొందరు మళ్లీ కోర్టుకెళ్తే, మొత్తం ఓట్లలో ఒకసారి, మొత్తం షేర్లలో ఒకసారి చూస్తే చాలన్న నియంత్రణ సంస్థ నియమాన్ని 2016 నవంబరులో సుప్రీంకోర్టు నిలబెట్టింది.

నాతో వాదించే మిత్రులున్నారు. విదేశీ సొమ్ము రాకపోతే ఆ దేశానికి ఫోన్లే వచ్చేవి కావు, ఎవరి జేబులో లాభం పడితే ఏంటి, సిగ్నల్ ఉందా లేదా చూడు అంటారు. ఇందులో నిజం ఉంది. పంగిలినాన్ చేతికొచ్చాక కంపెనీ బాగుపడిందని అక్కడ ఎవరినడిగినా చెప్తారు. మన దేశంలో కూడా టెలికాంలో విదేశీ పెట్టుబడి హద్దు 49 శాతం నుంచి 2005లో 74కి, 2013లో 100కి పెరిగింది. నేను దానికి వ్యతిరేకం కాదు. తలుపు తీద్దామనుకుంటే చట్టం మార్చి తియ్యండి. ఫిలిప్పీన్స్ ఆ పని 2022 మార్చిలో చేసింది. 11659వ చట్టంతో టెలికాంకి ఆ 40 శాతం గీత పోయింది, విదేశీ ప్రభుత్వాల సంస్థలకు మాత్రం అడ్డం పెట్టారు. ఎన్నో ఏళ్లు చాటుగా నడిచింది బహిరంగమైంది. నాకు అదే నయమనిపిస్తుంది. కానీ తలుపు మూసే ఉందని జనానికి చెప్పి, వెనకనుంచి రానిచ్చి, ఆ మూసిన తలుపుకి కాపలా ఉన్నట్టు ఆ జనం పేర్లే రాయడం ఉందే, దాన్ని నేను ఏ సిగ్నల్ కోసమూ ఒప్పుకోలేను.

మకాటీలో మా ఆఫీసుకి నడిచే దారిలో, మకాటీ అవెన్యూ మీద, పీఎల్‌డీటీ ప్రధాన కార్యాలయం కనిపించేది. ఆ భవనం పేరు రామన్ కొహువాంగ్కో బిల్డింగ్. మూడు పత్రాలు రాసిచ్చినాయన పేరు గోడ మీద ఉంది. డబ్బు కట్టి ఓటు లేకుండా ఉన్నవాళ్ల పేర్లు రిజిస్టర్లలో ఉండేవి, 2012 జనవరితో అక్కడ కూడా కొట్టేశారు.

ఇప్పుడు హైదరాబాద్‌లో నా పనిలో సగం బెన్-2 ఫారాలు. కంపెనీల వరస పైకి ఎంత దూరం వెళ్లినా సరే, చివర 10 శాతం, ఆపైన హక్కున్న అసలు మనిషి ఎవరో కనుక్కుని రిజిస్ట్రార్‌కి రాసే కాగితం అది. క్లయింట్లు విసుక్కుంటారు. "పేరుకే కదండీ, ఏదో ఒకటి రాసెయ్యండి" అంటారు. నేను తెల్లకాగితం తీసి కింది నుంచి పైకి పెట్టెలు గీస్తాను. ప్రతి పెట్టె పక్కన షేర్లకు ఒక గడి, ఓట్లకు ఇంకో గడి. రెండోది నిండేదాకా సంతకం పెట్టను.

టీటా సర్టిఫికెట్‌కి ఆ రోజు రెండు వైపులా జిరాక్స్ తీయించుకున్నాను. ఒకటి ఆవిడ డబ్బాలోకి వెళ్లింది. ఇంకోటి నా బల్ల అద్దం కింద ఉంది, వెనక వైపు పైకి కనిపించేలా. ఓటు గురించి రాసిన వాక్యం కింద పెన్సిల్‌తో గీసిన గీత ఉంది.